షుగర్ సెన్సార్ తయారు చేసేముందు దాన్ని పెట్టుకునేవాళ్లని ఎవరన్నా అడిగారా?

గోదారిగట్టు_అమ్మ

మా వాడికి తొమ్మిదేళ్లు, టైప్ 1 షుగర్, రోజూ ఇన్సులిన్ వేయాల్సిన రకం. రెండేళ్ల నుంచి, షుగర్ ఎంతుందో ఫోన్‌కి పంపే సెన్సార్ చేతికి అంటించి పెడుతున్నాం, కంపెనీ పేరు వద్దులెండి. ముందే చెప్పేస్తున్నా, అది లేని రోజులు నాకు గుర్తున్నాయి. రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచి, నిద్రలో ఉన్న పిల్లాడి వేలు పొడిచేదాన్ని, వాడు కళ్లు తెరవకుండానే చెయ్యి లాక్కునేవాడు. ఇప్పుడు ఫోన్ చూస్తే సరిపోతోంది. కాబట్టి తిట్టడానికి రాయట్లేదు.

నిన్న మంచం కింద ఊడుస్తుంటే అట్టపెట్టె తగిలింది. సెన్సార్ గుచ్చే ప్లాస్టిక్ డబ్బాలు ఉంటాయిగా, చెత్తలో వేయడానికి మనసొప్పక అందులో పడేస్తూ వచ్చా. కూర్చుని లెక్కపెడితే 58. పద్నాలుగు రోజులకొకటి చొప్పున ఏడాదికి 26, రెండేళ్లకి 52, ఆ మిగిలిన ఆరూ గడువు రాకుండానే ఊడిపోయినవి. సెన్సారేమో పది రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్దది, డబ్బా మాత్రం నా గుప్పెట్లో పట్టదు.

ఆ ఆరూ ఎండాకాలంలోనే పోయాయి. రాజమండ్రి ఉక్కపోత మీకు తెలిసిందే. ఆఖరుది నాలుగో రోజే పోయింది, బళ్లో కబడ్డీ ఆడుతుంటే ఒక పక్క లేచిపోయిందట. వీడు ఆట ఆపేసి, దాన్ని రెండో చేత్తో అదిమి పట్టుకుని అట్లాగే ఇంటిదాకా నడిచొచ్చాడు, భుజాన బ్యాగుతో. గుమ్మంలో నుంచుని "అమ్మా, ఊడనివ్వలేదు" అన్నాడు. చెయ్యి తీస్తే లోపలి తీగ ఎప్పుడో బయటికొచ్చేసింది. వాడికి చెప్పలేదు నేను, భలే పట్టుకున్నావురా అన్నాను.

నాకు అర్థంకానిది ఒక్కటే. ఈ జిగురు, ఈ డబ్బా, ఈ పద్నాలుగు రోజులు, ఇవన్నీ ఎవరో ఎక్కడో కూర్చుని నిర్ణయించారు కదా, ఆ గదిలో ఒక్క అమ్మైనా ఉందా? చెమట పట్టే ఊళ్లో ఆడుకునే పిల్లాడు ఒక్కడైనా ఉన్నాడా?

పాలమూరు_పోరడు

అక్కా, పిలగాడు చెయ్యి అదిమి పట్టుకొని ఇంటిదాంక నడిచిండంటే చదువుతుంటే గుండె పట్టేసినట్టైంది. నాది గంత పెద్ద ముచ్చట కాదు గాని, గుండె కొట్టుకునుడు చూసే వాచ్ ఉండె నాకు, బెల్టు తెగింది. ఆ బెల్టు దానికే పడ్తది, బయట దొరకది, కొత్త మోడల్ వచ్చినంక పాత బెల్టులు చేసుడు బంద్ పెట్టిండ్రు. వాచ్ మంచిగ నడుస్తున్నది, రెండేండ్ల సంది డ్రాలో పడున్నది. ఒక్క రబ్బరు ముక్క కోసం.

సోల్డరింగ్_శీను

నేను అయిపోయిన సెన్సార్లు మూడు విప్పి చూశాను, మా పక్కింటాయన ఇచ్చాడు. స్క్రూ ఒక్కటి కూడా ఉండదు, మొత్తం అతికేసి ఉంటుంది, కట్టర్‌తో కోయాల్సిందే. లోపల గుండ్రటి బోర్డు, ఒక చిప్పు, ఒక బటన్ సెల్లు, మధ్యలో వెంట్రుక లాంటి తీగ. ఆ తీగ చివర గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పూత ఉంటుంది, చర్మం కింద ద్రవంలో ఉన్న గ్లూకోజ్‌తో అది రియాక్ట్ అయితే సన్నటి కరెంటు పుడుతుంది, దాన్ని కొలిచి షుగర్ నంబర్‌గా చూపిస్తారు. రక్తంలో కాదు, ద్రవంలో, అందుకే షుగర్ గబగబా మారుతున్నప్పుడు వేలి చుక్కకీ దీనికీ కొన్ని నిమిషాల తేడా ఉంటుంది.

ఆ ఎంజైమ్ రోజులు గడిచేకొద్దీ బలం తగ్గుతుంది, ఒళ్లు కూడా తీగని పరాయి వస్తువుగా చూసి చుట్టూ కణాలు పేరుస్తుంది, పైన చర్మం పాతది రాలిపోతుంటే జిగురు పట్టు వదులుతుంది. కాబట్టి తీగ, జిగురు మార్చక తప్పదు, దాన్ని తప్పు పట్టలేం. బోర్డు ఏం పాపం చేసింది? చిప్పుకి పద్నాలుగు రోజుల్లో ఏమీ అవదు. అతికించడం వల్ల తీగతో పాటు అదీ చెత్తలోకి పోతోంది.

వైజాగ్_కెరటం

రీఫిల్ అయిపోతే పెన్ను పారేసినట్టన్నమాట

సోల్డరింగ్_శీను

అంతే అంతే

డల్లాస్_బాబాయ్

శీను, నువ్వు చెప్పినట్టు రెండు ముక్కలుగా చేసినది వచ్చింది, మేం వాడాం. డెక్స్‌కామ్ అనే అమెరికా కంపెనీ జీ6 మోడల్‌లో అతికించుకునే సెన్సార్ 10 రోజులకి మార్చాలి, దాని మీద బిగించి రీడింగ్ ఫోన్‌కి పంపే ట్రాన్స్‌మిటర్ 90 రోజులు వచ్చేది. తర్వాత వచ్చిన జీ7లో రెండూ కలిపి ఒకటే ముక్క, పది రోజులకి మొత్తం తీసి పారేయడమే. చెత్త లెక్కన చూస్తే వెనకడుగే, ఒప్పుకుంటా.

కానీ మా అమ్మాయిని అడగండి, పదహారేళ్లు దానికి. పాతది లావుగా చొక్కా కింద ఉబ్బుగా కనపడేది, మూడేళ్లు పొడుగు చేతుల బట్టలే వేసుకుంది. కొత్తది బాగా చిన్నది, పెట్టుకున్న అరగంటకే రీడింగ్ మొదలవుతుంది, పాతదానికి రెండు గంటలు ఆగాలి. పెట్టిన వారానికి స్లీవ్‌లెస్ జెర్సీ వేసుకుని బాస్కెట్‌బాల్‌కి వెళ్లింది. వాళ్లమ్మ ఫోటో తీస్తూ ఏడ్చేసింది. వాడేవాళ్లని అడిగి చెయ్యాలి అంటున్నారు కదా, మా ఇంట్లో అడిగితే చిన్నదే కావాలి అన్నారు. అడిగినంత మాత్రాన భూమికి మేలు జరుగుతుందని నేననుకోను.

గోదారిగట్టు_అమ్మ

బాబాయ్ గారూ, అమ్మాయి సంగతి చదివి చాలా సంతోషం. చిన్నగా ఉండాలన్నది నేనూ కాదనను, లావుగా ఉంటే బ్యాగు పట్టీకి తగులుకుని లేచిపోతుంది, మావాడిది రెండుసార్లు అట్లాగే పోయింది.

సీమ_నాయన

ఎవరూ ఏమీ అనుకోవాకండి, కడుపు మండి రాస్తాండా. మా పాపకి పన్నెండేండ్లు, తనకీ ఇదే జబ్బు. సెన్సార్ ఒకటి నాలుగైదు వేలు. ఏడాదికి 26 అంటే లక్ష దాటుతుంది, ఇన్సులిన్ ఖర్చు వేరే. నాది చిన్న కిరాణా కొట్టు. పోయినేడు మూడు పెట్టిచ్చినా, పరీక్షలప్పుడు ఒకటి, జొరమొచ్చినప్పుడు ఒకటి, డాక్టరు పెట్టమన్నాడని ఒకటి. మిగతా రోజులంతా వేలు పొడుసుకోడమే. స్ట్రిప్పులు కూడా లెక్కేసుకుని వాడుతుంది ఆ బిడ్డ, "నాయనా ఈ పొద్దు బాగనే ఉండాదిలే" అంటాది. నాకు తెలుసు అది స్ట్రిప్పు మిగిలియ్యడానికి అంటాదని.

మీ అట్టపెట్టెలో 58 డబ్బాలు చూసి మీకు చెత్త కనపడింది. నాకు 58 సెన్సార్లు కనపడినాయి. మొదులు అందరికీ అందనీండి, పర్యావరణం సంగతి తర్వాత చూద్దాం.

గోదారిగట్టు_అమ్మ

అన్నా, మీ మాటకి నా దగ్గర జవాబు లేదు. మా ఆయనకి ఉద్యోగం ఉంది కాబట్టి కొనగలుగుతున్నాం, ఆ తేడా నేను మర్చిపోయి రాశాను.

సోల్డరింగ్_శీను

సీమ అన్నా, నువ్వన్నది నూటికి నూరు పాళ్లు నిజం, ఒక్క మాట విను మరి. ఆ నాలుగైదు వేలలో నువ్వు ప్రతిసారీ బోర్డు, చిప్పు, సెల్లు, గుచ్చే స్ప్రింగు డబ్బా అన్నీ మళ్లీ కొంటున్నావు. ఎంజైమ్ తీగ, జిగురు మాత్రమే మార్చుకునేలా ఉండి, మిగతాది ఏడాది వచ్చేలా ఉంటే చెత్తా తగ్గుతుంది, నీ పాపకి పడే ఖర్చూ తగ్గాలి. తగ్గించి అమ్ముతారా లేదా అన్నది వేరే పోరాటం, అది ఉంది. కానీ నీ కోరికా అక్క కోరికా రెండూ ఒకే డిజైన్ వైపే వెళ్తున్నాయి, ఎదురెదురు కాదు.

సీమ_నాయన

అట్లైతే నేనూ మీ జట్టే. ఆ మాట ఆ తయారుచేసేటోళ్లకి ఎవరు చెప్తారు మరి

వార్డ్_సిస్టర్

పద్దెనిమిదేళ్లుగా నర్సుని. అక్కా మీ డబ్బాల గురించి మొదట. గుచ్చే సూది చాలా వాటిలో లోపలికి వెనక్కి పోయి ఉంటుంది కానీ అది సూదే. 2016 ఘన వ్యర్థాల రూల్స్‌లో ఇంట్లో వాడిన సూదులు, సిరంజిలు, బ్యాటరీలు గృహ ప్రమాదకర వ్యర్థాలు అని రాశారు, తడి చెత్త పొడి చెత్తతో కలపకూడదు. ఈ-వేస్ట్ రూల్స్ 2022లో వైద్య పరికరాలు ఉన్నాయి కానీ ఒంట్లో అమర్చినవీ ఇన్‌ఫెక్షన్ ఉన్నవీ మినహాయించారు. ఇప్పుడు చెప్పండి, రక్తం చుక్క తగిలిన సెన్సార్, లోపల సెల్లు ఉంది, తీగ ఉంది, ఇది ఏ బుట్టలోకి? చాలామంది మామూలు చెత్తలోనే వేస్తారు, పొద్దున్నే వచ్చే మున్సిపాలిటీ ఆవిడ గ్లవ్స్ లేని చేత్తో వేరుచేస్తుంది. మా వార్డుకి అట్లా చెయ్యి గుచ్చుకుని పరుగెత్తుకొచ్చిన మనిషికి నేనే కట్టు కట్టాను. ఆర్నెల్ల పాటు రక్త పరీక్షలకి తిరిగింది ఆవిడ. వాడేవాళ్లతో కలిసి డిజైన్ అంటున్నారు కదా, ఆ చెత్త ఎత్తే మనిషిని కూడా ఆ గదిలో కూర్చోబెట్టాలి అంటాన్నేను.

ఇక ఊడిపోవడం గురించి. పిల్లాడికి నూనె రాస్తారా?

గోదారిగట్టు_అమ్మ

ఆదివారం తలంటి తప్పనిసరి, ఒంటికి కూడా నువ్వుల నూనె రాసి నలుగు పెడతాం

వార్డ్_సిస్టర్

అందుకే. నూనె పోయిందనుకుంటాం, చర్మం మీద ఉంటుంది, జిగురు చర్మానికి కాక నూనెకి అంటుకుంటుంది. సెన్సార్ మార్చే రోజు ఆదివారం అయితే గురువారానికి జరపండి. స్పిరిట్ దూదితో తుడిచి, పూర్తిగా ఆరేదాకా ఆగి అప్పుడు పెట్టండి, చాలామంది తడి మీదే పెట్టేస్తారు. దురద, ఎర్రగా పొక్కడం ఉంటే మాత్రం పైన ఇంకో టేపు వేసి దాచకండి, స్కిన్ డాక్టర్‌కి చూపించండి. ఒక సెన్సార్ జిగురులో ఐసోబోర్నిల్ అక్రిలేట్ అనే పదార్థం వల్ల ఎలర్జీ వస్తోందని 2017లో బెల్జియం డాక్టర్లు పట్టుకున్నారు, అంతకుముందు పేషెంట్లు దురద అని చెప్తుంటే చెమట వల్లేమో అనుకున్నవాళ్లు బోలెడుమంది.

వైజాగ్_కెరటం

నలుగు పిండి గురించి ఏ కంపెనీ పుస్తకంలోనూ రాయరు సిస్టర్, ఇది ప్రింట్ తీసి పెట్టుకోవాలి

డిజైన్_బడి

నేను ప్రాడక్ట్ డిజైన్ పాఠాలు చెప్తాను, ఈ చర్చ మొదటి నుంచీ చదివాను. బాబాయ్ గారు అన్నది చాలా ముఖ్యం. అడిగితే సరిపోదు, ఎప్పుడు ఏం అడుగుతున్నాం అన్నది ఉంది. చాలాచోట్ల వస్తువు తయారయ్యాక, అచ్చులు పోసేశాక, ఐదు నక్షత్రాల్లో ఎన్నిస్తారు అని అడుగుతారు. అప్పటికి మార్చగలిగింది రంగు ఒక్కటే. చిన్నది కావాలా పెద్దది కావాలా అంటే ఎవరైనా చిన్నదే అంటారు. అదే ఆ అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పోసి, ఇదుగో రెండేళ్లది, ఇప్పుడు చెప్పండి ఎంత లావు వరకు ఓర్చుకుంటారు, ఏ ముక్క మీరే మార్చుకోగలరు అని అడిగితే మాట వేరేగా ఉంటుంది. బాబాయ్ గారి అమ్మాయి ఏమంటుందో నాకు వినాలనుంది.

మన దేశంలోనే ఒకటి చెప్తాను. రాజస్థాన్ ఉదయపూర్ దగ్గర పల్లెల్లో ఖుషీ బేబీ అని, 2014లో యేల్ యూనివర్సిటీ క్లాసులో మొదలైన ఆలోచన. పసిపిల్లల టీకాల వివరాలు ఉండే చిన్న బిళ్ల, మెడలో వేసేవారు. నల్ల తాడుకి కట్టారు దాన్ని. ఎందుకంటే దిష్టి తగలకుండా పిల్లలకి నల్ల తాడు కట్టే అలవాటు అక్కడ ముందే ఉంది. లోపల ఎన్ఎఫ్‌సీ చిప్పు, బ్యాటరీ లేదు, ఛార్జింగ్ లేదు, నర్సు ఫోన్ దగ్గర పెడితే ఆ ఫోన్ పవర్‌తోనే పనిచేస్తుంది, నెట్‌వర్క్ లేని ఊళ్లో కూడా. బ్యాటరీనే లేకపోతే బ్యాటరీ చెత్త ప్రశ్నే రాదు. మన మొలతాడు, దిష్టిచుక్క సంగతి తెలిసినవాళ్లకి ఆ తాడు విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఏజెన్సీ_ఏఎన్ఎం

నల్ల తాడు మాట చదివి రాస్తన్నాను. మా కొండ ఊళ్లలో తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకి చేతికి కట్టే మెషీన్ ఒకటి ఇచ్చారు కొన్నాళ్లు. పిల్ల ఒళ్లు చల్లబడితే లైటు రంగు మారుతాది, కూత పెడతాది. మంచిదే. అయితే మూడో రోజు ఎళ్లి చూస్తే చూరులో గుడ్డలో చుట్టి ఉంది. ఏటమ్మా అంటే, పిల్లకి నూనె రాసి నీళ్లు పోసి సాంబ్రాణి పొగ వేస్తాం కదా, దానికి పొగ తగిలితే పాడయిపోద్దని తీసి దాచాను అంది. ఖరీదైన వస్తువని భయం, జాగ్రత్త కోసమే తీసింది పాపం. అది తడిసినా ఏటీ అవదని ఆ తల్లికి ఎవలూ చెప్పలేదు, నాకే ఎవలూ చెప్పలేదు. చార్టులో మాత్రం తల్లి సహకరించలేదు అని రాయమన్నారు, నేను రాయలేదు.

డిజైన్_బడి

చాలా గొప్ప పని చేశారమ్మా మీరు. మీరు రాయకుండా వదిలేసిన ఆ లైనే అసలు రాయాల్సింది, "సాంబ్రాణి పొగకి భయపడి తీసింది" అని. అది చదివిన ఇంజినీరు ఏం చెయ్యాలో వెంటనే తెలుసుకుంటాడు.

బెంగళూరులో చేసిన బెంపూ బ్రేస్‌లెట్ కూడా ఇదే పనికి, ఒళ్లు వెచ్చగా ఉంటే అరనిమిషానికొకసారి నీలం లైటు, చల్లబడితే నారింజ లైటు, శబ్దం, వెంటనే పిల్లని గుండెకి హత్తుకోమని. చదువు రాని తల్లికీ అర్థమవుతుంది. నాలుగు వారాలు పనిచేశాక ఆగిపోతుంది. ప్రాణం నిలిపే నాలుగు వారాలు, ఒక పిల్లకి ఒకటి, ఆ లెక్కలో ఒకసారి వాడి పారేయడాన్ని నేను తప్పనలేను. పద్నాలుగు రోజులకొకటి చొప్పున జీవితాంతం పెట్టుకునేదానికి మాత్రం లెక్క వేరు.

పాలమూరు_పోరడు

"సహకరించలేదు అని రాయమన్నరు, నేను రాయలే" - సలామ్ అక్కా

తెనాలి_మనవడు

మా తాతగారి చెవి మిషను ముచ్చట కూడా ఇందులో వస్తుందా? 84 ఏళ్లు ఆయనకి. మొదట బ్యాటరీ వేసే మిషను కొన్నాం, 312 సైజు, గోధుమరంగు స్టిక్కర్ ఉంటుంది. స్టిక్కర్ పీకితే గాలి తగిలి పనిచేయడం మొదలవుతుంది, ఇక వాడకపోయినా అరుగుతూనే ఉంటుంది, రోజూ వాడితే వారం పది రోజుల్లో అయిపోతుంది. ఆయన వేళ్లకి వణుకు. కందిపప్పు బద్ద కంటే కాస్త పెద్దది అది, స్టిక్కర్ పీకేసరికి కింద పడేది, మంచం కోళ్ల దగ్గర వెతుక్కునేవాడు. మమ్మల్ని అడగడానికి మొహమాటం. మెల్లగా మిషను పెట్టుకోవడమే మానేశాడు, మేమేమో తాతకి చాదస్తం అనుకున్నాం.

తర్వాత ఛార్జింగ్ మోడల్ కొన్నాం. రాత్రి డబ్బాలో పెట్టడం, పొద్దున తీయడం, చక్కగా పెట్టుకున్నాడు, మనవరాలి పెళ్లి మంత్రాలు విన్నాడు. నాలుగో ఏడు ఛార్జింగ్ నిలవడం మానేసింది. షాపులో చూపిస్తే బ్యాటరీ లోపల సీల్ చేసి ఉంది, మార్చరు, మొత్తం కొత్తది కొనాలి అన్నారు. మిగతా మిషనంతా బాగుంది. ఇప్పుడు ఏది మంచిది అంటారు, పదేళ్లు బతికే మిషను ఆయన వాడలేడు, ఆయన వాడగలిగేది నాలుగేళ్లకి చచ్చిపోతుంది.

సోల్డరింగ్_శీను

యూరప్‌లో 2023లో కొత్త బ్యాటరీ చట్టం తెచ్చారు, 2027 ఫిబ్రవరి నుంచి చిన్న పరికరాల్లో బ్యాటరీని వాడే మనిషే తీసి మార్చుకునేలా ఉండాలి అని, కొన్నిటికి మినహాయింపులు ఉన్నాయి. మన దగ్గర 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ అని, వస్తువులు బాగుచేయించుకునే వివరాలు ఉండే పోర్టల్ పెట్టారు, ఫోన్లు, టీవీలు, బళ్లు, ట్రాక్టర్లు ఉన్నాయి. చెవి మిషన్లకి కూడా ఆ ఊపు రావాలి.

ఇంకొకటి, బోట్స్వానాలో సోలార్ ఇయర్ అని మొదలైంది. చెవి మిషను బ్యాటరీలు సోలార్ ఛార్జర్‌లో మళ్లీ మళ్లీ నింపుకోవచ్చు, మామూలు సైజు మిషన్లలోనే వేసుకోవచ్చు. దాన్ని తయారు చేసే పనిలో ఉన్నవాళ్లే వినపడనివాళ్లు. తాత లాంటి మనిషి బల్ల దగ్గర కూర్చుని ఉంటే ఆ స్టిక్కర్‌కి చిన్న తోక పెట్టండ్రా అని మొదటిరోజే చెప్పేవాడు.

తెనాలి_మనవడు

తాతకి ఇది చదివి వినిపించా, గట్టిగా అరిచి. "తోక కాదు, అయస్కాంతం పెట్టమను, కింద పడితే దొరుకుద్ది" అన్నాడు

సోల్డరింగ్_శీను

తాతని మా షాపుకి పంపించండి, కుర్చీ రెడీ

గుంటూరు_పల్స్

కోవిడ్‌లో అందరం వేలికి పెట్టుకున్న ఆక్సీమీటర్ గురించి ఎవరూ అనలేదేం? 2020 డిసెంబర్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. రక్తంలో ఆక్సిజన్ నిజంగా పడిపోయినా మెషీన్ మాత్రం బాగానే ఉందని చూపించడం తెల్లవాళ్లకంటే నల్లజాతి పేషెంట్లలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ అని. వేలిలోంచి కాంతి పంపి కొలుస్తుంది కదా, చర్మం రంగు అడ్డొస్తుంది. మేం మిరప చేలో పనిచేసేవాళ్లం, మా నాన్న వేలు నల్లగా, కాయ కాసి ఉంటుంది. 2021లో ఆయనకి 95 చూపిస్తుంటే ఇంట్లోనే ఉంచాం, ఆయాసం చూసి మా అమ్మే పట్టుబట్టి ఆస్పత్రికి తీసుకెళ్లింది. మెషీన్‌ది తప్పా కాదా నేను చెప్పలేను. కానీ ఎవరి వేళ్ల మీద పరీక్ష చేసి అమ్ముతున్నారు అని అప్పట్నుంచీ అడుగుతున్నా.

వార్డ్_సిస్టర్

మీ అమ్మగారికి దండం పెట్టాలి. మేం కూడా అదే చెప్తాం, నంబర్‌తో పాటు మనిషిని చూడండి అని. గోళ్ల రంగు ఉన్నా, చేతులు చల్లగా ఉన్నా కూడా తప్పు చూపిస్తుంది.

డల్లాస్_బాబాయ్

డిజైన్ బడి గారూ, మా అమ్మాయిని అడిగాను. గోదారి అక్క పెట్టె సంగతి చదివి వినిపించి అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వెళ్లి ఒక పాత ట్రాన్స్‌మిటరూ ఒక కొత్త సెన్సారూ తెచ్చి పక్కపక్కన పెట్టి, "ఇంత చిన్నదిగా ఉండి కూడా పైముక్క ఊడొచ్చేలా చేయొచ్చు కదా నాన్నా, ఒక మిల్లీమీటర్ లావైనా నాకు ఫర్వాలేదు, రెండైతే వద్దు" అంది. నా అభిప్రాయం మార్చుకుంటున్నా.

అడక్కుండా వాళ్లే చేసుకున్నవాళ్లూ ఉన్నారు ఇక్కడ. 2013లో జాన్ కాస్టిక్ అని ఒక ఇంజినీరు, చిన్న కొడుక్కి టైప్ 1. పిల్లాడు బడికి పోతే రీడింగ్ తనకి కనపడే దారి లేదని తనే కోడ్ రాసి సెన్సార్ రీడింగ్ ఇంటర్నెట్‌లోకి పంపాడు. దాంట్లోంచే దూరం నుంచి కూడా రీడింగ్ చూసుకునే నైట్‌స్కౌట్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది, ఎవరైనా వాడుకోవచ్చు. అదే ఏడాది సియాటెల్‌లో డానా లూయిస్ అనే అమ్మాయి, తనకీ టైప్ 1, రాత్రి షుగర్ పడిపోతే సెన్సార్ అలారం తనకి నిద్రలో వినపడట్లేదని గట్టిగా మోగేలా సొంతంగా చేసుకుంది, అక్కడ మొదలై ఇన్సులిన్ పంపుని కూడా దానంతటది సర్దుకునేలా చేసే ఓపెన్ ఏపీఎస్ దాకా వెళ్లింది, 2015లో అందరికీ పంచిపెట్టింది. మేం ఇక ఆగం అన్నదే వాళ్ల నినాదం. అలారం సౌండు చాలట్లేదు అన్న ఒక్క మాట కంపెనీలో ఎవరైనా వినుంటే ఆ అమ్మాయి అంత కష్టపడే పని ఉండేది కాదు.

వార్డ్_సిస్టర్

చిన్న హెచ్చరిక. సొంతంగా గడువు పెంచుకుని సెన్సార్‌ని మళ్లీ మొదలుపెట్టేవాళ్లు ఉంటారు, డబ్బుల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ ఆ నంబర్ చూసి ఇన్సులిన్ వేయకండి, వేలి చుక్కతో సరిచూసుకోండి. పిల్లల విషయంలో అసలు వద్దు. సీమ అన్నా, మీ పాపకి స్ట్రిప్పుల సంగతి మీ జిల్లా ఆస్పత్రిలో షుగర్, బీపీ లాంటి జబ్బులు చూసే ఎన్‌సీడీ క్లినిక్‌లో ఒకసారి అడగండి, నేను వేరే మెసేజ్ పెడతా.

సీమ_నాయన

పెట్టమ్మా, సూస్తా. శానా మేలు.

డిజైన్_బడి

సీమ అన్న అడిగారు, ఆ మాట ఎవరు చెప్తారు అని. జైపూర్ కాలు గుర్తుచేస్తాను. 1968 ప్రాంతంలో, అప్పటిదాకా ఉన్న విదేశీ కృత్రిమ పాదానికి బూటు తొడగాలి, గొంతుకూచోలేరు, చేలో తడిలో నడవలేరు, ఇంట్లోకి చెప్పులతో రాలేరు. పేషెంట్లు తీసి మూలన పెట్టేసేవారు, మన ఏఎన్ఎం అమ్మ చెప్పిన గుడ్డ మూట లాగే. జైపూర్‌లో డాక్టర్ పి.కె.సేథీ, రామచంద్ర శర్మ అనే శిల్పకారుడు కలిసి రబ్బరుతో చేశారు, ఒట్టికాళ్లతో నడవొచ్చు, గొంతుకూచోవచ్చు. ఊళ్లో పనివాడు బాగుచేయగలడు. పేషెంటు ఎలా కూచుంటాడో చూసి చేసిన వస్తువు కాబట్టే ఇన్నేళ్లు నిలిచింది.

వైజాగ్‌లోనే ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ ఉంది, 270 ఎకరాలు, వైద్య పరికరాలు మన నేల మీదే తయారవుతున్నాయి. నా విద్యార్థుల్లో ఇద్దరు ఈ ఏడు ప్రాజెక్టు వెతుక్కుంటున్నారు. రెండు ముక్కల సెన్సార్ కవచం, నూనె ఒంటికి పట్టే పట్టీ, ఈ రెండూ వాళ్లకి ఇస్తాను. షరతు ఒకటే, మొదటి నెల గీతలు గీయకూడదు, ఇళ్లకి వెళ్లి చూడాలి. అక్కా మీ ఇంటికి రావచ్చా వాళ్లు?

గోదారిగట్టు_అమ్మ

రమ్మనండి, ఆదివారం తలంటి టైముకి వస్తే అన్నీ కళ్లారా చూస్తారు, భోజనం మా ఇంట్లోనే. చెత్త బండి సత్తెమ్మక్క కూడా ఏడింటికి వస్తుంది, సిస్టర్ చెప్పాక ఆవిడతో మాట్లాడాను. ఎర్ర మూత ఉన్న సీసాలో వేసి ఇస్తే తనకి దూరం నుంచే తెలుస్తుంది, వేరే పెట్టుకుంటా అంది.

మావాడిని కూడా అడిగాను, నీకెలా ఉండాలిరా అని. సెన్సార్ మీద కబడ్డీ జెర్సీ నంబర్ వేసుకునే చోటు కావాలట, ఊడొస్తుంటే ముందే ఫోన్‌లో చెప్పాలట, "ఊడిపోయాక చెప్తే ఏం లాభం" అన్నాడు. గురువారం మారుస్తున్నాం, ఈసారి వాడే పెట్టుకుంటానంటున్నాడు.

సోల్డరింగ్_శీను

ఊడొచ్చేముందే చెప్పడం! జిగురు అంచున సన్నటి తీగ చుట్టూ తిప్పి, అంచు లేస్తే తెలిసేలా పెట్టొచ్చేమో. ఆ కుర్రాడికి చెప్పండి అది నేను ప్రయత్నిస్తున్నానని.

అక్కా, పాత సెన్సార్ బిళ్లలు ఉన్నాయా, డబ్బాలు కాదు, బిళ్లలు?

గోదారిగట్టు_అమ్మ

ఓ ముప్పై దాకా ఉంటాయి, డ్రాలో

వార్డ్_సిస్టర్

తీగలు ఉంటే అట్లా పంపకండి. గ్లవ్స్ వేసుకుని, పట్టకారుతో తీగ లాగి సీసాలో వేసి, బిళ్లని స్పిరిట్‌తో తుడిచి ఆరాక పంపండి.

సోల్డరింగ్_శీను

సిస్టర్ చెప్పినట్టే చెయ్యండి. ఆ సెల్లులు సిల్వర్ ఆక్సైడ్ రకమైతే ఆఖరి దాకా ఓల్టేజి ఒకేలా చూపిస్తాయి, మీటర్ పెట్టి చూస్తే లాభం లేదు. కాస్త కరెంటు లాగే చిన్న లోడు పెట్టి ఒక్కోటి ఇంకా ఎన్ని గంటలు వస్తుందో కొలవాలి. ముప్పై సెల్లులకీ కొలిచి టేబుల్ ఇక్కడే పెడతా, బడి గారి పిల్లలు అది పట్టుకుని వెళ్లొచ్చు. అడ్రస్ మెసేజ్ చేశా చూడండి.

గోదారిగట్టు_అమ్మ

చూశా. శనివారం కొరియర్ వేస్తా.